పనికి వెళ్ళే పిల్లను ఎందుకు బంధించారు?

(పాలకొల్లులో మహిళా కార్మికులు, టీచర్లు, డిగ్రీ విద్యార్థినులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ఇంత ఎండలో వచ్చారు. రొయ్యల ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా వచ్చినవాళ్ళు ఉన్నారని ఇందాకే చెప్పారు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోకుండా విషయంలోకి వస్తాను.

ఈ రోజు నేను మాట్లాడేది ఆడపిల్లల కోసం కట్టిన సంస్కరణ గృహాల గురించి. రిఫార్మేటరీలు అనేవారు. పేరుకు జైళ్ళు కావు. గేటుకు మాత్రం తాళం ఉండేది. అందులోకి వెళ్ళినవాళ్ళలో చాలామంది కూలి చేసుకునే ఇళ్ళ పిల్లలు, ఫ్యాక్టరీ పిల్లలు, ఊరివాళ్ళ ఇళ్ళల్లో అంట్లు తోమిన పిల్లలు. పెద్దింటి అమ్మాయి అదే తప్పు చేస్తే ఏ మేనత్త ఇంటికో పంపేసి కప్పిపుచ్చేవారు. పేదింటి అమ్మాయి చేస్తే జడ్జి ముందుకు తీసుకెళ్ళారు.

ఈ చరిత్రంతా చదువుతుంటే నాకు ఒకటే ప్రశ్న అడ్డం పడుతుందండి. దొంగతనానికి శిక్ష వేస్తే ఆరు నెలలో ఏడాదో గడువు ఉంటుంది. ఆ రోజు రాగానే తలుపు తీయాల్సిందే. అదే ‘నీకు శిక్ష వేయడం లేదమ్మా, నిన్ను బాగు చేస్తున్నాం’ అని లోపల పెడితే? బాగుపడిందో లేదో ఎవరు చెప్పాలి? ఎన్నేళ్ళకు చెప్పాలి? ఈ ప్రశ్నను పట్టుకునే లండన్ నుంచి మన గోదావరి దాకా వద్దాం.

1758లో లండన్‌లో మాగ్డలెన్ హాస్పిటల్ తెరిచారు. పేరు హాస్పిటల్ అయినా అది వైద్యశాల కాదు. రాబర్ట్ డింగ్లీ అనే వ్యాపారి, జోనాస్ హాన్వే మొదలైనవాళ్ళు చందాలు పోగుచేసి, ఒళ్ళు అమ్ముకుని బతకడం మానేయాలనుకున్న ఆడవాళ్ళకు ఆశ్రయం ఇస్తామన్నారు. ఎవరికి వారు అర్జీ పెట్టుకుని చేరేవారు. లోపల ప్రార్థన, కుట్టుపని, ఇంటిపని. మంచి నడత చూపిస్తే ఎక్కడో ఒక ఇంట్లో పనిమనిషిగా కుదిర్చేవారు. తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా నడిచిన పద్ధతికి ఇదే మూసండి. తేడా ఒక్కటే. ఆ తర్వాత అర్జీ పెట్టుకుని వచ్చేవాళ్ళు తగ్గారు, పట్టుకొచ్చి పెట్టేవాళ్ళు పెరిగారు.

వందేళ్ళ తర్వాత బ్రిస్టల్‌లో మేరీ కార్పెంటర్ అనే ఆవిడ వచ్చారు. ఈవిడ మీద నాకు చాలా గౌరవం ఉంది. చిన్నపిల్లల్ని పెద్ద నేరస్థులతో కలిపి జైల్లో వేయకూడదని పార్లమెంటు దాకా వెళ్ళి పోరాడారు. 1854లో రెడ్ లాడ్జ్ అనే పాత భవనంలో ఆడపిల్లలకు ప్రత్యేకంగా సంస్కరణ బడి పెట్టారు. ఇంగ్లండులో ఆడపిల్లల కోసం అలాంటిది అదే మొదటిది. ఆ భవనాన్ని కొనిపెట్టింది కవి బైరన్ భార్య. రామ్మోహన్ రాయ్ గారు 1833లో కన్నుమూసింది ఆ బ్రిస్టల్‌లోనే. ఆయన్ని చిన్న వయసులో కళ్ళారా చూసిన మేరీ కార్పెంటర్ మన దేశం మీద మనసు పెట్టుకున్నారు. 1866లో మొదటిసారి వచ్చి, ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వచ్చారు. ఆడపిల్లలకు బడులు, బడికి ఆడ టీచర్లు, పిల్లలకు జైలు బదులు సంస్కరణ బడులు అని వచ్చిన ప్రతిసారీ అడిగారు. 1876లో మన దేశానికి రిఫార్మేటరీ స్కూళ్ళ చట్టం రావడంలో ఆవిడ పట్టుదల పాలు ఉంది.

అయితే ఆ చట్టాన్ని 1897లో తిరగరాసినప్పుడు బాలనేరస్థుడు అంటే మగపిల్లవాడు అని మాత్రమే రాశారు. ఆడపిల్లను ఆ చట్టం లెక్కలోకే తీసుకోలేదు. ఇక్కడ ఆడపిల్లను కట్టడి చేసే పని ప్రభుత్వం చేతిలోకి అప్పటికింకా పోలేదు. ఆ పని ఇంటివాళ్ళు, కులపెద్దలు, మిషన్ అనాథాశ్రమాలు చేస్తూ వచ్చాయి.

ఇప్పుడు అమెరికా. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఆ అమ్మాయిల్లో మీకు తెలిసినవాళ్ళు కనిపిస్తారు.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి న్యూయార్క్ లాంటి ఊళ్ళు పల్లెల నుంచీ యూరప్ నుంచీ వచ్చిన జనంతో నిండిపోయాయి. వాళ్ళ ఆడపిల్లలు పద్నాలుగేళ్ళకే బట్టల ఫ్యాక్టరీలకూ దుకాణాలకూ పనికి వెళ్ళారు. వారానికోసారి జీతం కవరు. ఆ కవరు చింపకుండా తెచ్చి అమ్మ చేతిలో పెట్టాలన్నది చాలా ఇళ్ళల్లో నియమం. ఏదో ఒక వారం ఆ పిల్ల కవరు చింపి తనకో టోపీ కొనుక్కుంది. సాయంత్రం పని దిగాక తోటి అమ్మాయిలతో డాన్సు హాలుకో సినిమాకో వెళ్ళింది. రాత్రి పది దాటాక ఇంటికి వచ్చింది. అంతే, గొడవ మొదలైంది. చెయ్యి దాటిపోతోందన్నారు, మాట వినడం లేదన్నారు. ఆ మాటలే చట్టంలోకి ఎక్కాయి. పిల్ల మొండికేసింది, నీతి తప్పే ప్రమాదంలో ఉంది, ఇంట్లో నిలవడం లేదు అన్నవి నేరాల జాబితాలో చేరిపోయాయి.

న్యూయార్క్ రాష్ట్రం 1887లో హడ్సన్ అనే ఊళ్ళో ఆడవాళ్ళ కోసం ఒక ఆశ్రయ గృహం తెరిచింది. పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ళలోపు వాళ్ళను అక్కడికి పంపారు. చిల్లర దొంగతనం, తాగుడు, చెడ్డపేరున్న ఇంట్లో కనిపించడం, ఇలాంటి చిన్న కారణాలు. లోపల ఉంచే కాలం మాత్రం అయిదేళ్ళ దాకా. 1901లో బెడ్‌ఫర్డ్ హిల్స్‌లో ఇంకొకటి వచ్చింది. దాని మొదటి సూపరింటెండెంట్ కాథరిన్ బెమెంట్ డేవిస్, డాక్టరేటు చేసిన విదుషి. ప్రహరీ గోడలు లేని కాటేజీలు, చదువు, పాటలు, తోటపని అన్నారు. చాలా ఆశతో మొదలైంది. పట్టుమని ఇరవై ఏళ్ళు తిరక్కుండానే, 1919లో, అక్కడ అమ్మాయిల చేతులకు బేడీలు వేసి, కాళ్ళు నేలకు ఆనీ ఆనకుండా కట్టేస్తున్నారని ప్రభుత్వమే విచారణ జరపాల్సి వచ్చింది.

ఈ ఇళ్ళల్లో ఏం నేర్పేవారు? బట్టలు ఉతకడం, ఇస్త్రీ, వంట, కుట్టుపని. ఆ తర్వాత పెరోల్ మీద పెద్ద ఇళ్ళల్లో పనిమనిషిగా పంపేవారు. ఆ రోజుల్లో అమెరికా ఇల్లాళ్ళకు పెద్ద టెన్షన్ ఏమిటంటే పనిమనిషి దొరకకపోవడం. ఫ్యాక్టరీలో రోజుకు పది గంటలు పని చేస్తే మిగతా గంటలు అమ్మాయివే. ఇంటిపనికి కుదిరితే రాత్రీ పగలూ యజమానురాలివే. అమ్మాయిలు ఇంటిపని వదిలి ఫ్యాక్టరీకి పోతుంటే, సంస్కరణ గృహం వాళ్ళను మళ్ళీ వంటింట్లోకి తెచ్చి నిలబెట్టింది. దీన్ని యాదృచ్ఛికం అని నేను అనుకోలేను.

కన్నవాళ్ళ గురించి కూడా చెప్పాలి. కూతుర్ని కోర్టుకు తీసుకెళ్ళినవాళ్ళలో చాలామంది తల్లిదండ్రులే. వాళ్ళేమీ రాక్షసులు కారు. భర్త పోయి, అద్దె కట్టలేక, పెద్దపిల్ల జీతం మీదే ఇల్లు నడుస్తున్న తల్లులు ఉన్నారు. పోలీసులు నాలుగు భయం మాటలు చెప్పి పంపిస్తారని వెళ్ళారు. మూడేళ్ళపాటు పిల్ల కనబడకుండా పోతుందని వాళ్ళకు తెలియదు. ఆ తర్వాత అదే తల్లులు ‘మా పిల్లను పంపించండి, ఇంట్లో జరగడం లేదు’ అని సూపరింటెండెంటుకు ఉత్తరాలు రాసుకున్నారు. కంప్లయింట్ ఇవ్వడం తల్లి చేతిలో ఉంది, వెనక్కి తీసుకోవడం లేదు.

హడ్సన్ గృహం తర్వాత పదహారేళ్ళలోపు ఆడపిల్లల శిక్షణ బడిగా మారింది. 1933లో అక్కడికి ఒక నల్లజాతి అమ్మాయిని పంపారు. తల్లి అంతకుముందే చనిపోయింది. బడికి ఎగనామం పెడుతోంది, చెప్పిన మాట వినడం లేదు అన్నది అభియోగం. నల్లపిల్లలకు అక్కడ వేరే కాటేజీలు, అవీ కిక్కిరిసినవి. ఆ పిల్ల అక్కణ్ణుంచి బయటపడి, 1934 నవంబరులో హార్లెంలోని అపోలో థియేటర్ పోటీలో పాడి గెలిచింది. ఆ పిల్ల పేరు ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్. ప్రపంచంలో గొప్ప జాజ్ గాయని. ఆ గొంతును ఒక ప్రభుత్వం బాగు చేయాల్సిన వస్తువుగా చూసిందంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నా మొదటి ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే కేసు ఒకటుంది. పెన్సిల్వేనియాలో 1913 నాటి మన్సీ చట్టం ప్రకారం, ఆడ ఖైదీకి జడ్జి కాలం తగ్గించి శిక్ష వేయకూడదు. నేరానికి ఎంత ఎక్కువ వేయొచ్చో అంతా వేసి సంస్కరణ గృహానికి పంపాలి. 1966లో జేన్ డేనియల్ అనే ఆవిడకు దోపిడీ కేసులో జడ్జి ఒకటి నుంచి నాలుగేళ్ళ జైలు వేశారు. నెల తిరిగాక ఈ చట్టం గుర్తొచ్చి, శిక్ష రద్దు చేసి, పదేళ్ళ దాకా మన్సీ గృహంలో ఉండాలని మార్చారు. మగవాడైతే నాలుగేళ్ళతో పోయేది. ఆవిడ పోరాడారు. 1968లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని కొట్టేసింది. ఆడది తొందరగా బాగుపడుతుంది కాబట్టి ఎక్కువకాలం ఉంచాలన్న వాదన యాభై ఏళ్ళకు పైగా నడిచిందండి!

కెనడా సంగతి ఒకటి చెప్పి ఐర్లండు వెళ్తాను. ఒంటారియో రాష్ట్రంలో ఆడవాళ్ళ ఆశ్రయాల చట్టం అని 1897 నుంచి ఉండేది. కూతురు మొండిది, మాట వినదు అని తల్లిదండ్రులు చెప్తే చాలు, లోపల పెట్టొచ్చు. 1939లో వెల్మా డెమర్సన్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి టొరంటోలో హ్యారీ యిప్ అనే చైనా యువకుడితో కలిసి ఉంటోంది. గర్భవతి. పెళ్ళి చేసుకోవాలని అనుకుంటున్నారు. తండ్రి పోలీసులను వెంటపెట్టుకుని ఇంటికే వచ్చారు. అమ్మాయి మీద పెట్టిన అభియోగం ‘దారికి రాని పిల్ల’ అన్నది. చివరికి మెర్సర్ రిఫార్మేటరీకి పంపారు. లోపల ఉండగానే బిడ్డ పుట్టాడు. ఆమె ఒప్పుకోలు లేకుండా ఒంటి మీద వైద్యం చేశారు. బయటకు వచ్చి ఆ యువకుణ్ణే పెళ్ళి చేసుకుంటే, పరాయి దేశస్థుణ్ణి చేసుకుందని పౌరసత్వం తీసేశారు. వెల్మా ముసలితనంలో కోర్టుకెక్కారు. 2002లో ఒంటారియో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2019లో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో చనిపోయారు.

తండ్రి, పోలీసులు, వేరే జాతి కుర్రాడు. ఈ కథలో ఊరి పేర్లు మారిస్తే మన జిల్లా పేపరులో వచ్చినట్టే ఉంటుంది. దానికి మళ్ళీ వస్తాను.

ఐర్లండులో ఈ ఇళ్ళను మాగ్డలెన్ లాండ్రీలు అనేవారు. సన్యాసినులు నడిపారు. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల బట్టలు, సైన్యం బట్టలు, అన్నీ అక్కడే ఉతికారు. లాండ్రీకి కాంట్రాక్టు డబ్బు వచ్చేది. ఉతికిన అమ్మాయికి కూలి లేదు. పేరు మార్చి కొత్త పేరు పెట్టేవారు. జుట్టు కత్తిరించేవారు. పారిపోతే పోలీసులు పట్టుకొచ్చి అప్పగించిన సందర్భాలున్నాయి. పెళ్ళికాకుండా తల్లి అయినవాళ్ళే వెళ్ళారని అందరూ అనుకుంటారు గానీ, అనాథలు, ఇంట్లో హింస పడినవాళ్ళు, అనాథాశ్రమం నుంచి వయసు వచ్చి బయటపడ్డవాళ్ళు, మతి సరిగా లేనివాళ్ళు కూడా ఉన్నారు.

2013లో వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదిక ప్రకారం 1922 నుంచి పదివేల మందికి పైగా ఆ లాండ్రీల్లోకి వెళ్ళారు. అందరికంటే చిన్నదాని వయసు 9 ఏళ్ళు, పెద్దావిడకు 89. ఎలా వచ్చారో తెలిసిన కేసుల్లో నాలుగో వంతుకు పైగా ప్రభుత్వమే పంపింది. 1993లో డబ్లిన్‌లో హై పార్క్ అనే మఠం తమ స్థలం అమ్ముకుంటూ సమాధులు తవ్వించింది. 133 మంది శరీరాలకు అనుమతి తీసుకున్నారు, తవ్వితే 155 బయటపడ్డాయి. కొందరికి మరణ ధ్రువపత్రమే లేదు, కొందరి అసలు పేరు తెలియదు. అప్పుడు దేశం కదిలింది. 2013 ఫిబ్రవరిలో ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. బతికున్నవాళ్ళకు పరిహారం ఇచ్చారు.

ఇదంతా ఎప్పుడో పాతకాలం అనుకోకండి. చివరి లాండ్రీ డబ్లిన్‌లో మూతపడింది 1996 అక్టోబరు 25న. నవంబరు 6న మనకు కోనసీమ తుఫాను వచ్చింది. ఆ రాత్రి ఇక్కడున్న చాలామందికి ఇంకా గుర్తే. అంత దగ్గరి కాలం ఇది.

ఇక గోదావరి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టా ముఖం మారిపోయింది. కరువు సీమ వరి సీమ అయింది. ఊడ్పులు, కలుపులు, కోతలు, మిల్లుల్లో బియ్యం చెరగడం, వీటన్నిటికీ ఆడకూలీల చేతులు కావాల్సి వచ్చాయి. మగవాళ్ళు కాకినాడ రేవులో ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళిపోయిన ఇళ్ళల్లో ఆడవాళ్ళే సంసారం ఈదారు. ఇటు నరసాపురం చుట్టుపక్కల మిషనరీల దగ్గర మొదలైన లేసు అల్లిక ఇంటింటికీ పాకింది. మీ చేతులతో అల్లిన లేసు విదేశాలకు పోతుంది. మిమ్మల్ని మాత్రం పనివాళ్ళ కింద లెక్కగట్టరు, ఇంట్లో తీరిక వేళ చేసే సరదా కింద లెక్కగడతారు. ఆడపిల్ల ఇంట్లో కూర్చుని, తల వంచుకుని, సూదితో చేసే పని పవిత్రమైనది, బయటికి వెళ్ళి కూలి తెచ్చుకునే పని అనుమానించదగినది అన్న ఆలోచన, ఆ సంస్కరణ గృహాల కుట్టు గదుల్లోదీ ఇదీ ఒకటే.

మన సంస్కర్తల సంగతి చూద్దాం. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. పనివాళ్ళు మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా నీళ్ళు మోసి వంట చేశారు. ఆ దంపతుల సాహసానికి ఎప్పుడూ తల వంచుతాను. వాళ్ళు ఆశ్రయం ఇచ్చింది ఎక్కువగా పై కులాల బాల వితంతువులకు. కూలి చేసే కులాల్లో మారుమనువు ముందునుంచీ ఉంది, వాళ్ళ సమస్య అది కాదు. ఆ కాలంలోనే ఆయనా, ఆ తర్వాత కాకినాడలో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారూ భోగం మేళాల మీద ఉద్యమం నడిపారు. పెళ్ళిళ్ళలో మేజువాణి, అంటే భోగంవాళ్ళ ఆటపాట, పెట్టొద్దన్నారు. ఆ మేళాలు వెలివేశారు సరే, ఆ ఆడవాళ్ళు ఏం తిని బతకాలి అన్న ప్రశ్న చాలా కాలం ఎవరూ గట్టిగా అడగలేదు.

ఉభయ గోదావరి జిల్లాల్లో ఆ మేళాల్లో ఆడిపాడే కళావంతుల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. సంగీతం, అభినయం, సంస్కృతం, తెలుగు పద్యం వాళ్ళ ఇళ్ళల్లో నిలిచాయి. గుడి సేవకు మాన్యాలుండేవి. మగవాళ్ళ పెత్తనమూ ఉంది, దోపిడీ ఉంది, పసిపిల్లలను ఆ బతుకులోకి దించడమూ ఉంది. వాటిని నేను కాదనను. ముత్తులక్ష్మి రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో పోరాడి 1929లో మాన్యాలను గుడి సేవ నుంచి విడిపించే చట్టం తెచ్చారు. 1930లో అవ్వై హోమ్ పెట్టి అలాంటి పిల్లలకు చదువు చెప్పించారు. 1947లో దేవదాసీగా అర్పించడాన్ని నిషేధించారు. ఇవి కావాల్సిన చట్టాలే. మరోపక్క బెంగళూరు నాగరత్నమ్మ లాంటి కళాకారిణులు, మా మాట వినకుండా మా గురించి చట్టం చేస్తారా అని అర్జీలు పెట్టుకున్నారు. ఆ అర్జీలు ఎవరి మనసులోకీ ఎక్కలేదు. కళ పోయింది, ఆదాయం పోయింది, పేరు మాత్రం మిగిలింది. పోలీసుకు ఆ పేరొక్కటే చాలు కదా.

ఆ కాలంలోనే మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లో పిల్లల చట్టం, 1930లో అవినీతి వ్యాపార నిరోధక చట్టం, అంటే ఒళ్ళు అమ్ముకునే వ్యాపారాన్ని ఆపే చట్టం, వచ్చాయి. వీటితో ఆడపిల్లను ‘రక్షించి’ ఒక ఇంట్లో ఉంచే అధికారం మన ప్రాంతంలో మొదటిసారి మేజిస్ట్రేటుకు వచ్చింది. పొరుగున బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఇంకో రకం సంస్కరణ నడిచింది. ఒక కులాన్నే నేరస్థ జాతి అని ముద్ర వేసి, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి, ఆడవాళ్ళను చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. దాని గురించి మాట్లాడాలంటే ఇంకో సభ కావాలి.

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో కేంద్రం ఒళ్ళు అమ్ముకునే వ్యాపారం మీద దేశమంతటికీ ఒకే చట్టం చేసింది. అది 1958 మే 1న అమల్లోకి వచ్చింది. అదే రోజు అలహాబాదులో హుస్నా బాయి అనే ఇరవై నాలుగేళ్ళ ఆవిడ హైకోర్టుకెళ్ళి, నా బతుకుతెరువు తీసేసే హక్కు మీకు లేదని పిటిషన్ వేశారు. పిటిషన్ నిలవలేదు. కానీ రాజ్యాంగం వచ్చిన ఎనిమిదేళ్ళకే, సంఘం పేరెత్తడానికి ఇష్టపడని ఒక ఆడమనిషి దాన్ని చేతపట్టుకుని నిలబడిందంటే ఎంత గొప్ప సంగతి!

ఆ చట్టమే సవరణలతో ఇప్పుడూ ఉంది. అందులో రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చదువుతాను, కాస్త శ్రద్ధగా వినండి. బహిరంగంగా పిలిచి విటులను రప్పించడం నేరం. సెక్షన్ 8. మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు. అదే నేరం మగవాడు చేస్తే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల దాకా. ఇప్పుడు సెక్షన్ 10-ఎ. అదే నేరంలో దోషి అయిన ఆడమనిషిని జైలు బదులు దిద్దుబాటు గృహానికి పంపొచ్చు. ఎంత కాలం? రెండేళ్ళకు తగ్గకుండా, అయిదేళ్ళ దాకా.

మగవాడికి మూడు నెలలు, ఆడదానికి ఆరు నెలలు, ఆడదాన్ని బాగు చేయడానికి అయిదేళ్ళు. హడ్సన్‌లో 1887లో రాసిన లెక్కే ఇది. ఇది కాక, దాడిలో దొరికిన ఆడమనిషిని, ఆమె నేరం చేసిందని ఎవరూ అనకపోయినా, రక్షణ అవసరమని మేజిస్ట్రేటు అనుకుంటే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా ప్రొటెక్టివ్ హోమ్‌లో ఉంచొచ్చు.

ఆ హోముల లోపల ఏం జరిగిందో మనకు తెలియడానికి ఇద్దరు ప్రొఫెసర్లు కారణం. ఆగ్రా ప్రొటెక్టివ్ హోమ్‌లో ఆడవాళ్ళ దుస్థితి గురించి ఢిల్లీ యూనివర్సిటీ లా ప్రొఫెసర్లు ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ 1981లో సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 2018లో బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థవాళ్ళు తనిఖీకి వెళ్తే బాలికల గృహంలో జరిగిన ఘోరం బయటపడింది. ముప్ఫై మందికి పైగా పిల్లల మీద అత్యాచారాలు జరిగాయని తేలింది. 2020లో నిర్వాహకుడికి బతికినంతకాలం జైలు పడింది. ఆగ్రాకూ ముజఫర్‌పూర్‌కూ మధ్య దాదాపు నలభై ఏళ్ళు. రెండు చోట్లా బయటివాళ్ళు లోపలికి వెళ్ళి, ఆడపిల్లలతో అధికారి లేకుండా మాట్లాడినప్పుడే నిజం వచ్చింది. ఏ హోమ్ అయినా మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, ముందు ఆ తనిఖీ ఉందా అని చూస్తానండి. గోడకు వేసిన రంగు, గోడ మీద రాసిన సూక్తులు చూడను.

హోములే అక్కర్లేదని నేననడం లేదు. తాగొచ్చి కొట్టే భర్త నుంచి అర్ధరాత్రి పారిపోయి వచ్చిన ఆడమనిషికి తలుపు తీసే ఇల్లు ఒకటి కావాలి. పసిపిల్లను అమ్మేసిన ముఠా నుంచి కాపాడితే ఆ పిల్లకు నీడ కావాలి. చాలాచోట్ల వార్డెన్లు తక్కువ జీతంతో, కన్నతల్లి లాగా చూసుకుంటారు, నేను చూశాను. నా అభ్యంతరమల్లా పద్దెనిమిది నిండిన మనిషి ‘నేను వెళ్తాను’ అన్నాక కూడా గేటు తీయకపోవడం మీద.

ఇప్పుడు వెల్మా దగ్గరికి. ఈ జిల్లాల్లో ఒక అమ్మాయి వేరే కులం కుర్రాడితో వెళ్ళిపోతే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు మిస్సింగ్ కేసు, తర్వాత కిడ్నాప్ కేసు. అమ్మాయి దొరికాక, ఇంటికి వెళ్ళనంటే హోమ్. పద్దెనిమిది నిండనిదైతే శిశు సంక్షేమ కమిటీ బాలికల గృహానికి పంపుతుంది. నిండినా, ‘మనసు కుదుటపడేదాకా’ ఉంచుదామనే పెద్దమనుషులున్నారు. మేజరైన ఆడమనిషి తనకు నచ్చినవాణ్ణి చేసుకోవచ్చని, అడ్డుపడి వేధించేవాళ్ళ మీద కేసులు పెట్టాలని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. 2018లో హాదియా కేసులోనూ అదే మాట. తీర్పు ఢిల్లీ నుంచి మన మండలం స్టేషనుకు రావడానికి చాలా టైం పడుతోంది.

కువైట్ వెళ్ళొచ్చిన అక్కలు ఇక్కడ ఉన్నారు. మీరు పనిచేసిన ఇంట్లోంచి చెప్పకుండా బయటికొస్తే మీ మీద పెట్టే కేసు దొంగతనం కాదు, పరారీ. జీతం ఇవ్వని యజమాని ఇంట్లోనే ఉంటాడు, జీతం అడిగి బయటికొచ్చిన మనిషి పరారీలో ఉంటుంది. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది. ఆ అమెరికా అమ్మాయిలు పెరోల్ ఇంట్లోంచి వెళ్ళిపోతే మళ్ళీ పట్టుకెళ్ళి సంస్కరణ గృహంలో వేసేవారు. మీ కథ ఆ చరిత్రలోని పేజీయే, దయచేసి మీరు రాయండి, లేదా చెప్తే మా డిగ్రీ పిల్లలు రాస్తారు.

ఒక మంచి మాట ఉంది. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు ఇచ్చింది. ప్రొటెక్టివ్ హోముల్లో ఇష్టం లేకుండా ఉంచిన వయోజన స్త్రీలు ఎంతమందో రాష్ట్రాలు సర్వే చేయాలని, వాళ్ళ కేసులు సమీక్షించి గడువులోగా విడుదల చేయాలని అందులో ఉంది. మన జిల్లాల్లో ఆ సర్వే ఎప్పుడు చేశారు, ఎంతమందిని అడిగారు, ఎంతమంది వెళ్తామన్నారు, ఎంతమందిని పంపారు? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. ఇక్కడున్న లా చదివే అమ్మాయిలు ఈ వారమే అర్జీలు వేయాలని నా కోరిక.

వెనక వరసలోంచి ఒకమ్మ చీటీ పంపారు. పేరు చదవను. వాళ్ళ చెల్లెలి కూతుర్ని హోమ్‌లో పెట్టారట. పద్దెనిమిది నిండింది, అయినా పంపడం లేదు, ఎవర్ని అడిగినా ఇంకొకర్ని చూపిస్తున్నారు, ఏం చేయాలి అని.

అమ్మా, ముందు వయసు కాగితం. టెన్త్ సర్టిఫికెట్ ఉంటే అదే మొదటి రుజువు. అది లేకపోతే పంచాయతీదో మున్సిపాలిటీదో జనన ధ్రువపత్రం. తర్వాత ఆ పిల్లను ఏ ఉత్తర్వు మీద ఉంచారో దాని కాపీ కావాలని హోమ్‌లో రాతపూర్వకంగా అడగండి, అర్జీ అందినట్టు సంతకం తీసుకోండి. లాయరు ఫీజు గురించి భయపడకండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. కోర్టులో న్యాయసేవాధికార కమిటీ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. మేజరైన మనిషిని ఇష్టం లేకుండా ఉంచితే ఆ మనిషిని కోర్టు ముందుకు తెమ్మని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయొచ్చు. ఆ పిటిషన్ తల్లే వేయాలని లేదు, పెద్దమ్మ వేయొచ్చు, స్నేహితురాలు వేయొచ్చు. అయితే అన్నిటికంటే ముందు ఆ అమ్మాయిని ఒంటరిగా కలిసి, ఎక్కడికి వెళ్ళాలని ఉందో తననే అడగండి. మీ ఇంటికి అనకపోవచ్చు. హాస్టల్లో ఉండి పనికి వెళ్తాను అనొచ్చు. ఏదన్నా తను చెప్పిందే అర్జీలో రాద్దాం. ఇద్దరు లాయర్లు ఇక్కడే ఉన్నారు, కాగితాలు తీసుకుని ముందుకు రండి.